రెండో ఏప్రాన్

ఎక్స్‌రే తీయడం నేర్చుకుని రమ్మని నన్ను మదనపల్లె పంపించారు. ఆవుల్ని పట్టుకోవడం నేర్చుకుని వచ్చాను. ఆ విద్య తెనాలి పక్కన మా పశువుల ఆసుపత్రిలో చేరిన మొదటి వారంలోనే నాకు వచ్చేసింది. దానికోసం రైలు, బస్సు మారి నడుం విరగ్గొట్టుకోవాల్సిన పని లేదు. తిరిగొచ్చినప్పటి నుంచి మా వీధిలో ఆడవాళ్లు "ఏం చూశావు, ఏం తిన్నావు, అక్కడ చల్లగా ఉంటుందటగా?" అని అడుగుతున్నారు. ఊరు చల్లగానే ఉంది. నా ఒళ్లే మండుతోంది. అందుకే వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం చెప్పాలి. డాక్టరుగారి పక్కన నిలబడి సూదిమందు నింపడం, పుండు కడగడం, కట్టు కట్టడం నా పని. మగవాళ్లు చేస్తే కాంపౌండరు అంటారు. నేను ఆడదాన్ని గనక పశువుల నర్సమ్మనయ్యాను. ఎనభైల్లోకి వచ్చేశాం, గొడ్లకూ ఎక్స్‌రే తీస్తున్నారు అని చెబితే మా ఊళ్లో పడీ పడీ నవ్వారు. మనుషులకే గుంటూరు వెళితే గానీ దిక్కు లేదు, నీ గేదెకు ఫోటోనా అన్నారు. ఫోటో తీసి చూపిస్తానని పంతం పట్టి బయలుదేరాను. ఒక్కసారైనా ఆ బటను నా చేత్తో నొక్కి, ఎముక కనపడే బొమ్మ నేనే తీయాలి. నా కోరికల్లా అదే.

మదనపల్లె

బస్సు దిగేసరికి ఎండ ఉంది గానీ వేడి లేదు. మా వైపు ఆ వేళకు జాకెట్టు వీపుకు అంటుకుపోతుంది. ఇక్కడ ఆడవాళ్లు చెవుల మీదుగా పమిట చుట్టుకుని నడుస్తున్నారు. బస్టాండు దాటగానే ఒక రైతు బండిలోంచి టమాటాల గంపలు దించి రోడ్డు పక్కన కుమ్మరిస్తున్నాడు. నిగనిగలాడే కాయలు. ఉండబట్టలేక ఎందుకు పారబోస్తున్నావని అడిగాను.

"ధర పడిపోయిందిమా. అమ్మితే బండి బాడిక్కి కూడా రాదు. గొడ్లన్నా తిననీ" అన్నాడు.

మా ఊళ్లో ఇవే కాయల్ని ఏరి ఏరి, బేరమాడి కొనుక్కుంటాం. ఈ ప్రయాణంలో మొదటి కోపం నాకు అక్కడే వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక హోటల్లోకి వెళ్లి కూర్చున్నాను. తాలింపు వేసిన బొరుగులు తెచ్చి, మీద పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టారు. బొరుగులంటే మన మరమరాలే. మనం జ్వరం వచ్చిన పిల్లలకు పెట్టేవాటిని వీళ్లు కళ్లలో నీళ్లు తిరిగేంత కారంతో పొద్దున్నే తింటారు. రెండో ప్లేటు కూడా తిన్నానని ఒప్పుకోవాలి.

శిక్షణకు వచ్చింది ఇద్దరమే. నేను, గుర్రంకొండ వైపు నుంచి వచ్చిన కాంపౌండరు రెడ్డెప్ప. రెడ్డెప్ప ఎద్దును నిలబెట్టేంత బలవంతుడు, అందుకే ఊళ్లలో పెట్టే పశువైద్య క్యాంపులకు ముందు నుంచీ పట్టుకోవడానికి పిలిచేవారట. ఎవరు ఏమన్నా నవ్వేసే రకం. మాకు నేర్పే డాక్టరుగారు మంచి చదువరి. పాఠం చెబితే చెవులప్పగించి వినాల్సిందే.

"ఈ కిరణం కంటికి కనపడదు, ఒంటికి తగిలినా తెలియదు. తెలియదు గనకే దీనితో జాగ్రత్త. సీసపు ఏప్రాన్ లేకుండా ఎవరూ పశువు దగ్గర నిలబడకూడదు. గర్భిణీలను ఆ ఛాయలకే రానివ్వకూడదు" అన్నారు.

ఏప్రాన్ తెచ్చి చూపించారు. మెడ నుంచి మోకాళ్ల దాకా వచ్చే నల్లటి తొడుగు. లోపల సీసం ఉండటంతో తడిసిన పరుపంత బరువు. ఇది ఒకటేనా అని అడిగాను. రెండోది స్టోర్లో ఉందమ్మా అన్నారు.

మధ్యాహ్నం ఒక దూడకు ఎక్స్‌రే తీశాం. తీశాం అనకూడదు, తీశారు. మిషను నుంచి పొడుగాటి తీగ ఉంటుంది, దాని కొసన బటను. డాక్టరుగారు ఏప్రాన్ తొడుక్కుని, తీగ సాగినంత మేర వెనక్కి వెళ్లి, గుమ్మం పక్కన నిలబడ్డారు. రెడ్డెప్ప దూడ మెడ పట్టుకున్నాడు. నేను కాలు పట్టుకుని, ఆ కాలి వెనక ఫిల్ము పెట్టె ఆనించి కూర్చున్నాను. నా ఒంటి మీద నూలు చీర, రెడ్డెప్ప ఒంటి మీద చిరుగుల బనీను. పొద్దున విన్న పాఠం ఇంకా చెవిలోనే ఉంది. ఏప్రాన్ ఉన్నాయన దూరంగా ఉన్నాడు, లేనివాళ్లం దగ్గర ఉన్నాం.

"సార్, మీరంత దూరంలో ఉన్నారు కదా, ఆ ఏప్రాన్ మాలో ఒకరికి ఇవ్వకూడదా?" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "నేను ప్రతి క్యాంపులో తీస్తుంటానమ్మా. మీరు ఎప్పుడో ఒకసారి పట్టుకుంటారు."

"రెడ్డెప్ప కూడా మీ ప్రతి క్యాంపులో పట్టుకుంటున్నాడట సార్."

రెడ్డెప్ప నవ్వాడు. "పోనీలేమ్మా, పట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఇంతే. అలవాటైపోయింది" అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు డాక్టరుగారి మీద కంటే వాడి మీదే ఎక్కువ మండింది.

పుంగనూరు

మర్నాడు మిషనును జీపులో ఎక్కించుకుని పుంగనూరు వెళ్లాం. జీపు నడిపే మస్తాన్ ఈ రోడ్ల మీద ఎక్కడ గుంత ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గుంత వచ్చినప్పుడల్లా డాక్టరుగారు వెనక్కి తిరిగి "మిషను బాగుందా?" అని అడిగేవారు. మిషను బాగానే ఉంది. నా తల జీపు పైకప్పుకు మూడుసార్లు కొట్టుకుంది, దాని సంగతి ఎవరూ అడగలేదు.

క్యాంపు దగ్గర అప్పటికే చౌడేపల్లె వైపు నుంచి తోలుకొచ్చిన పశువులు నిలబడి ఉన్నాయి. ఒకాయన పక్కన నా నడుం ఎత్తు కూడా లేని తెల్లటి పశువు కనపడింది. ముద్దొచ్చి, "దూడ ఎంత బాగుందండీ, తల్లి ఏదీ?" అన్నాను.

అక్కడున్న రైతులంతా గొల్లుమన్నారు. "దూడ కాదుమా, ఆవే! నాలుగు ఈతలు ఈనిండాది. మీ పక్క ఆవులు ఏనుగులంత ఉంటాయా ఏందీ?" అన్నాడాయన.

మా వైపు ఒంగోలు ఆవు పక్కన నిలబడితే మనిషే చిన్నబోతాడు. ఈ ఆవు నాలుగు ఈతల పెద్దరికంతో నా వైపు ఒక చూపు చూసి మొహం తిప్పుకుంది. అంత చిన్న గొడ్డు, ఇంత గడ్డి తిని ఇల్లంతటికీ పాలిస్తుందట. పెద్ద గొడ్డుంటేనే గొప్ప అనుకునే మా వాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

పది గంటలకు మస్తాన్ మమ్మల్ని తనకు తెలిసిన టీ హోటలుకు తీసుకెళ్లాడు. లోపల అందరూ మగవాళ్లే. నేను గుమ్మంలో ఆగిపోతే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ముసలాయన "ఆవో బెహన్, బైఠో" అని, తన కుర్చీ తుడిచి నాకు వేశాడు. ఏలకులు దంచి వేసిన టీ, నలభై పైసలు. మా ఊరి హోటల్లో ఆడది ఒంటరిగా కూర్చుంటే వీధి చివరిదాకా చెప్పుకుంటారు. ఇక్కడ ఎవరి సమోసా వాళ్లు తిన్నారు.

అసలు గొడవ సాయంత్రం జరిగింది. తీసిన ఫిల్మును చీకటి గదిలో మందునీళ్లలో కడగాలి. అప్పటిదాకా దానికి పిసరంత వెలుతురు తగిలినా నల్లబడి పనికిరాకుండా పోతుంది. మాకు ఒక రైతు ఇంట్లో గాదెల గది ఇచ్చారు. కిటికీకి కంబళి కట్టి, తలుపు దగ్గరగా వేసి, నేను లోపల ఫిల్ము కడుగుతున్నాను. తలుపుకు లోపలి గొళ్లెం లేదు. బొమ్మ ఇంకాసేపట్లో తేలుతుందనగా తలుపు బార్లా తెరుచుకుంది. ఇంటావిడ చేతిలో పళ్లెం, పళ్లెంలో వేడి వేడి ఓళిగలు, అంటే మన బొబ్బట్లే.

"పొద్దన్నించి ఆ సీకట్లో ఏం జేస్తాండావుమా? మా ఇంటికొచ్చి నోట్లో ఏమీ ఏసుకోకుండా పోతావా?" అంది.

ఫిల్ము నా కళ్లముందే నల్లగా మాడిపోయింది. ఆమెను ఏమంటాం? గడప లోపలికి వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపడం ఆ ఇంటికి అప్రతిష్ట. నెయ్యి కారుతున్న ఓళిగ తింటూ చీవాట్లు కూడా తిన్నాను.

"ఒక ఫిల్ము పాడు చేశావు. ఈరోజు బటను నీ చేతికిద్దామనుకున్నా. ఇక కుప్పంలో చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

గొళ్లెం లేని గది చూపించింది ఆయనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుప్పంలో బటను దొరుకుతుందన్న ఆశ దాన్ని మింగించింది. బదులుగా రెండో ఏప్రాన్ సంగతి మళ్లీ అడిగాను. స్టోర్లో ఉందని మళ్లీ చెప్పారు.

కుప్పం దారిలో

పలమనేరు, వి.కోట దాటుతుంటే మాట మారుతూ వచ్చింది. ఒక అంగట్లో తెలుగులో అడిగితే అంగడివాడు కన్నడంలో లెక్క చెప్పి, అరవంలో పక్కవాణ్ణి కేకేశాడు. వాళ్ల మాటలు నాకు అర్థం కాలేదు గానీ, చిల్లర మాత్రం సరిగ్గా వచ్చింది. ఇటువైపు రాతి పని ఎక్కువ. శాంతిపురం దగ్గర బాట పక్కనే మంచాలంత నల్లరాళ్లు దొర్లించి ఉన్నాయి. ఉలి దెబ్బల చప్పుడు ఊరు చేరేదాకా మమ్మల్ని వదల్లేదు.

మేం వెళ్లింది కుప్పానికి ఇవతల ఒక పల్లెకు. మోటారు షెడ్డు నుంచి కరెంటు లాగే వీలున్న ఇల్లు ఒకటి చూసుకుని జీపు ఆపాం. ఆ ఇంటి కోడలు మునెమ్మ. ఏడో నెల కడుపుతో, నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురొచ్చింది. వాళ్ల ఆవు వారం రోజులుగా ముందు కాలు కింద మోపడం లేదు. కాలు విరిగిందని ఊరంతా తీర్మానించేసింది. విరిగిన కాలి ఆవును ఎవరు మేపుతారు? సంత బేరగాడు పలుపు తాడు భుజాన వేసుకుని అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ ఆవు పాలతోనే ఇల్లు గడస్తాండాదిప్పా. నా బిడ్డకీ ఇదే దిక్కు. విరగలేదని ఒక్క మాట సెప్పండి సాలు" అంది మునెమ్మ.

మిషను దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. పెట్టె పైకి లేవగానే దాని కింద నాలుగు మడతలు పెట్టి పరిచిన నల్లటి తొడుగు కనపడింది. ముట్టుకుంటే సీసం బరువు. మెడకు కట్టుకునే పట్టీలు కూడా చెక్కు చెదరలేదు.

"ఇదేంటి మస్తాన్?"

"అదే గదమ్మా మిషన్ కింద మెత్త. గుంతల్లో మిషన్ అదరకుండా సారే ఏపించె. ఎప్పట్నుంచో ఆడనే ఉండాది."

స్టోరంటే ఇదన్నమాట! మదనపల్లె నుంచి నేను కూర్చున్న సీటుకు జానెడు దూరంలోనే ఉంది. రెడ్డెప్ప ఇన్నాళ్లూ బనీనుతో నిలబడితే మిషను ఏప్రాన్ మీద పడుకుని తిరిగింది. మనిషిని కాపాడమని ఇచ్చిన వస్తువును ఇనప పెట్టెకు పరుపు వేయడానికి చేతులెలా వచ్చాయి?

డాక్టరుగారు నా చేతిలో దాన్ని చూసి, చూడనట్టే ఆవు దగ్గరికి నడిచారు. రెడ్డెప్ప కాలు పట్టబోతే ఆవు ఒక్క తన్ను తన్నింది. గడ్డి మోపు మీద పడ్డాడు. మునెమ్మ మామ ముకుతాడు పట్టినా నిలవలేదు.

"అది యెవురినీ దగ్గరికి రానీదప్పా. పాలు పిండేది మా కోడలే. ఆయమ్మ పట్టుకుంటేనే కదలకుండా నిలస్తాది" అన్నాడు మామ.

"అయితే ఆ అమ్మాయినే పట్టుకోమనండి. ఒక్క క్షణం పని" అన్నారు డాక్టరుగారు.

మునెమ్మ కొంగు బిగించి ముందుకు వచ్చేసింది. పాపం, ఆమెకేం తెలుసు? ఆవు దక్కుతుందంటే నిప్పులైనా తొక్కేట్టుంది. నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"సార్, గర్భిణీలను ఆ ఛాయలకే రానివ్వకూడదని చెప్పింది మీరే."

"అది పాఠం. ఇది పని. ఈ ఆవు ఇంకెవరికైనా నిలుస్తుందా, నువ్వే చెప్పు. కావాలంటే నీ చేతిలో ఉన్నది ఆమెకు తొడుగు."

"తొడిగినా సరే, ఆమె ఇక్కడ ఉండకూడదు సార్. మనకు తెలుసు, ఆమెకు తెలియదు. తెలిసీ ఎలా పట్టుకోమంటాం? నేను పట్టుకుంటాను."

అప్పుడు ఆయన బటను నా మొహం ముందు పెట్టి ఊపారు. "ఈరోజు నొక్కేది నువ్వే కదా? ఇదే ఆఖరి క్యాంపు. నువ్వు అక్కడ కూర్చుంటే ఇది ఎవరు నొక్కుతారు?"

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా చెయ్యి దాని వైపు వెళ్లింది. ఎన్ని మైళ్లు వచ్చాను దానికోసం! ఊళ్లో నవ్వినవాళ్ల మొహాలన్నీ గుర్తొచ్చాయి. మునెమ్మ నా వెనకే నిలబడి, ఆవును పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిలుపుకు ఆవు చెవులు కదిలిస్తోంది.

"రెడ్డెప్ప నొక్కుతాడు" అన్నాను.

ఏప్రాన్ తొడుక్కున్నాను. డాక్టరుగారి ఒంటి మీదున్నది కూడా విప్పించి, మెడ పట్టుకునే మామకు తొడిగాను. ఎలా విప్పించానంటే, చెయ్యి చాపి ఆయన ముందు నిలబడ్డాను. ఊరంతా చూస్తోంది. విప్పక ఏం చేస్తారు? బటను పుచ్చుకున్న రెడ్డెప్పను తీగ సాగినంత దూరం పంపించాను. మునెమ్మను కల్లం అవతల, గడ్డివామి వెనక్కి పంపి, అక్కడి నుంచే ఆవుతో మాట్లాడుతూ ఉండమన్నాను.

"లచ్చీ, ఈడే ఉండానే! యాడికీ పోలే. ఆయమ్మ మంచిదే, సూడు. కాలియ్యి లచ్చీ, ఏమీ సెయ్యదు" అని వామి వెనక నుంచి గొంతు వచ్చింది.

ఆవు ఆ గొంతు వైపే చెవులు పెట్టి బొమ్మలా నిలబడింది. దాని కాలు నా చేతిలో వేడిగా, బరువుగా ఉంది. రెడ్డెప్ప బటను నొక్కాడు. టక్కుమని చప్పుడైంది, అంతే. నేను నేర్చుకుందామని వచ్చిన పని నా వెనకాల, ఇంకొకరి వేలి కింద అయిపోయింది.

ఫిల్మును ఈసారి వంటింటి వెనక గదిలో కడిగాను. తలుపుకు అడ్డంగా మస్తాన్‌ను కూర్చోబెట్టాను. మునెమ్మ అత్తగారు రాగి సంగటి పళ్లెంతో వచ్చి, మస్తాన్‌తో పోట్లాడి, చివరికి బయటే కూర్చుంది. బొమ్మ తేలింది. ఎముక ఎక్కడా చిట్లలేదు. గిట్టలో మాత్రం గోరంత ముక్క తెల్లగా మెరుస్తోంది. రాళ్ల దగ్గర మేస్తూ తొక్కిన విరిగిన ఉలి మొన. డాక్టరుగారి చెయ్యి పనిలో గొప్పదే, కాదనను. గిట్ట చెక్కి, ఒక్క గుంజుకు ఆ ఇనప ముక్కను బయటికి లాగారు. చీము కారిపోయాక కడిగి కట్టు కడితే, సాయంత్రానికి ఆవు కాలు కింద ఆనించింది. బేరగాడు తాడు దులుపుకుని లేచి వెళ్లాడు. మునెమ్మ ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు తిన్నాం సంగటి. ముద్ద మధ్యలో గుంత చేసి, ఉలవచారు పోసి ఇచ్చారు. నేను అన్నంలా నములుతుంటే ఇల్లంతా నవ్వు. "నమలకూడదుమా, మింగల్ల! మీ పక్క నేర్పలేదా?" అంది అత్తగారు. మింగాను. ఆ పూట నాకు అన్నీ మింగడమే అయింది, ఇదొక్కటే రుచిగా ఉంది.

మళ్లీ మదనపల్లెకు

జీపు ఎక్కేటప్పుడు డాక్టరుగారు నా వైపు చెయ్యి చాపారు. "ఆ ఏప్రాన్ ఇటివ్వు. మిషను కింద వేయాలి. దారి బాగాలేదు."

ఇవ్వనన్నాను. తొడుక్కున్నది విప్పలేదు కూడా. మేం ఎందుకు వాదించుకుంటున్నామో మునెమ్మ అత్తగారికి సగమే అర్థమైనట్టుంది. లోపలికి వెళ్లి, పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన చిన్న బొంత తెచ్చింది. ఒక మూల ఇంకా సూది వేలాడుతూనే ఉంది.

"మీ మిషనుకి మెత్త కావల్లంటే ఇది తీసకపోండప్పా. బిడ్డకని కుడతాండా. మళ్లా ఇంకోటి కుట్టుకుంటాములే, మా ఆవును నిలబెట్టిరి" అంది.

డాక్టరుగారు బొంతను తడిమి చూశారు. "మెత్తగానే ఉంది. మంచిదమ్మా" అని అందుకోబోయారు.

ఇంకా పుట్టని బిడ్డ పక్కబట్ట కూడా ఆ ఇనప పెట్టె కిందికేనా! ఆయన చేతిలోంచి బొంత లాగేసుకుని, మడతపెట్టి, మునెమ్మ చేతుల్లో పెట్టాను. నా గొంతు ఎంత పెద్దదయిందో నాకు తెలియదు గానీ, అరుగు మీద కోళ్లు ఎగిరిపోయాయి.

"అయితే మిషను విరిగితే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారాయన.

"విరగనివ్వను సార్. మీరు నాకు నేర్పింది పట్టుకోవడమేగా" అన్నాను.

మిషను పక్కన జీపులో కింద కూర్చుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, మోకాళ్లతో అదిమి పట్టుకున్నాను. వి.కోట దాటింది, పలమనేరు దాటింది. గుంత వచ్చినప్పుడల్లా ఆ పెట్టె నా పక్కటెముకల్ని పొడిచేది, మధ్యలో సీసం అడ్డుపడేది. కాసేపటికి అవతలి వైపు నుంచి ఇంకో రెండు చేతులు వచ్చి పెట్టెను పట్టుకున్నాయి. రెడ్డెప్ప చేతులు. మామ విప్పి ఇచ్చిన ఏప్రాన్ తొడుక్కుని ఉన్నాడు. ఈసారి నవ్వడం లేదు.

మదనపల్లె చేరేదాకా ఇద్దరం దాన్ని వదల్లేదు, ఏప్రాన్లూ విప్పలేదు. ముందు సీట్లోంచి డాక్టరుగారు ఒక్కసారి కూడా మిషను బాగుందా అని అడగలేదు.